రెండు డబ్బాలు, ఒక పళ్ళెం

“ఆడపిల్లకు రోజూ గుడ్డేందే? వేడి చేస్తది” అన్నది మా అత్తమ్మ, నేను వనిత డబ్బాలో ఉడికిన గుడ్డు పెట్టబోతుంటే.

ఆమె కోపంగా అనలేదు. నిర్మలమ్మ ఏ మాటా కోపంగా అనదు. దేవుడి దగ్గర వత్తి సరిచేస్తూ, ఇవ్వాళ మబ్బు పట్టింది అన్నంత మామూలుగా అంటుంది. అందుకే ఆమెకు ఎదురు చెప్పడం అంత కష్టం. ఆ గుడ్డును కూడా శీను డబ్బాలోనే పెట్టి మూత బిగించాను.

శీను మా పెద్దవాడు. శ్రీశైలం అని మొక్కు పేరు పెట్టుకున్నాం, పిలుపుకు శీను అయ్యాడు. పదో తరగతి. మొయినాబాద్ రోడ్డు మీద కొత్తగా వెలిసిన టెక్నో స్కూలు, గేటు దాకా వచ్చే పసుపు బస్సు. వాడిది మూడు గిన్నెల డబ్బా. కింద అన్నం, మధ్యలో కూర, గుడ్డు, పైన గడ్డ పెరుగు, సంచిలో విడిగా ఒక అరటిపండు. వనిత తొమ్మిదో తరగతి. నేను జీవశాస్త్రం చెప్పే సర్కారు హైస్కూల్లోనే చదువుతుంది. దానిది ఒక్క గిన్నె డబ్బా. అన్నం, పప్పు, ఒక మూలకు మామిడికాయ తొక్కు. నా డబ్బా అందరికంటే ఆఖరున నిండేది. గిన్నెల అడుగున ఏది మిగిలితే అది. మా ఆయన ప్రవీణ్‌కు డబ్బా అక్కర్లేదు. గచ్చిబౌలి నుంచి కార్లేసుకొని వచ్చే కంపెనీల వాళ్ళకు కనకమామిడిలో ఫామ్‌హౌస్ జాగాలు చూపించడం ఆయన పని. భోజనం వాళ్ళతోనే, ఏ ధాబాలోనో.

“మొగపిల్లగాడు సాఫ్ట్‌వేర్ల పడాలె. ఆడపిల్లకేంది ఫికర్, దాని తల్లే టీచరాయె” అన్నాడాయన పిల్లల చదువుల ముచ్చట వచ్చినప్పుడు. ఆ మాటలో నన్ను పొగిడాడో, బిడ్డను తగ్గించాడో నేను తేల్చుకునేలోపే శీనుకు బూట్లూ టైలూ వచ్చేశాయి. “నీకేందే, పదింటికి పోయి నాలుగింటికొస్తవ్” అని కూడా అంటాడు నవ్వుతూ. పదికి ముందు ఒక పొద్దు ఉంటుందనీ, నాలుగు తర్వాత ఇంకొక పొద్దు ఉంటుందనీ, ఆ రెండు పొద్దుల్లో ఈ ఇల్లంతా నా చేతుల మీదుగానే నడుస్తుందనీ ఆయనకు తెలియక కాదు. అది ఆయన కంటికి పనిలా కనిపించదు. ఊపిరి తీయడాన్ని ఎవరు పని అంటారు? నేనూ అనలేదు చాలా ఏళ్ళు.

మధ్యాహ్న భోజనం తొమ్మిది, పది తరగతులకు కూడా అప్పుడే కొత్తగా వచ్చింది. మా బడి వరండాలో పిల్లలు వరుసగా కూర్చుంటే వంట చేసే అంతమ్మ బకెట్టు పట్టుకొని వడ్డిస్తూ పోయేది. పప్పో సాంబారో, కొన్ని రోజులు గుడ్డు. కానీ అందరూ ఆ వరుసలో కూర్చునేవాళ్ళు కాదు. రింగు రోడ్డుకు, వెంచర్లకు పొలాలమ్మి ఇళ్ళ మీద అంతస్తులు లేపినవాళ్ళు పిల్లలకు బడి అన్నం వద్దన్నారు. అది పేదోళ్ళ బువ్వ, తింటే ఇజ్జత్ పోతుందని. ఆ ఇళ్ళ ఆడపిల్లలు డబ్బాలు తెచ్చుకొని, లోపల తరగతి గదిలో బెంచీల మీద ముడుచుకొని కూర్చొని తినేవాళ్ళు. మూత పూర్తిగా తీయకుండా, సగం తీసి, చేయి లోపల పెట్టి తినేవాళ్ళు. వనిత కూడా వాళ్ళతోనే. మా మామయ్య మాణిక్యం రెండుసార్లు సర్పంచ్ చేసిన మనిషి. “సర్పంచ్ ఇంటి పిల్ల పళ్ళెం పట్టుకొని లైన్ల నిలవడ్తదా?” అని భోజనం మొదలైన రోజే తేల్చేశాడు.

ఆ వర్షాకాలం బడికి దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది. ఆడపిల్లల కింది కనురెప్ప లాగి చూస్తూ, చాలామందిని ఒక పక్కకు నిలబెట్టింది. రక్తం తక్కువ ఉన్నవాళ్ళు. ఆ పక్కన వనిత కూడా ఉంది. నేను దగ్గరికెళ్ళి దాని రెప్ప నేనే లాగి చూశాను. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. దాని చేతిలో నర్సమ్మ ఐరన్ గోలీలు పెట్టింది. నాకు ఇంకో సంగతి కళ్ళబడింది. అటు నిలబడ్డవాళ్ళలో డబ్బా తెచ్చుకునే పిల్లలే ఎక్కువ. వరండాలో వరుసన తినే పిల్లలు తక్కువ. ఒక్కసారి కళ్ళబడ్డాక అది కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ నిజంగానే గాబరా పడింది. “రేపటి సంది బీట్‌రూట్ పెట్టు పిల్లకు” అన్నది. పాపం, మర్నాడు తనే తురిమింది. గుడ్డు మాత్రం శీను డబ్బాలోకే పోయింది.

ఆ వారమే తొమ్మిదో తరగతిలో ఆహారం పాఠం. చేవెళ్ళలో సైన్స్ ఫేర్ కూడా దగ్గర పడింది. ఏదైనా మన పిల్లలు చేసిన పని పెడదామని, ఇంటి డబ్బాలో ఏముంటుంది, బడి పళ్ళెంలో ఏముంటుంది, ఏది ఒంటికి మంచిదో పోల్చి చెప్పమన్నాను. 

“ఇంటి బువ్వనే మంచిది టీచర్. మా అమ్మ నాకు ఇయ్యాల కోడికూర పెట్టింది” అన్నాడు నాగేందర్, ముడిమ్యాల పిల్లవాడు. మగపిల్లలంతా బల్లలు చరిచారు.

సక్కుబాయి లేచింది. తండా నుంచి నడిచి వస్తుంది. “నాకు డబ్బనే లేదు టీచర్. బడిల తినేదే. మా అన్న పదిల ఉన్నడు, ఆడు గూడ బడిలనే. అంతమ్మవ్వ ఆడికి ఎంతేస్తదో నాకూ గంతే ఏస్తది. ఇంట్లనైతే...” అని ఆగి, “ఇంట్లనైతే మా అమ్మ ఆడు తిన్నంక చూస్తది” అని కూర్చుంది.

అప్పుడు వనిత చేయెత్తింది. బడి గేటు దాటితే నేను దానికి అమ్మను కాను, టీచర్‌ని. అది మా ఇద్దరి ఒప్పందం.

“టీచర్, మీరు ఇంటి డబ్బా ఒకటి, బడి పళ్ళెం ఒకటి అని చెప్పిన్రు. కానీ ఇంటి డబ్బాలు రెండు తీర్లుంటయి. అన్న డబ్బా ఒక తీరు, చెల్లె డబ్బా ఒక తీరు.” తర్వాత నాగేందర్ వైపు తిరిగింది. “నీకు ఇయ్యాల కోడికూర కదా. మీ చెల్లె ఎనిమిదిల ఉన్నది. దాని డబ్బల ఏమున్నది?”

వాడు నవ్వబోయి ఆగాడు. “నాకేం ఎరుక?” అన్నాడు. కాసేపటికి, ఎవరూ మళ్ళీ అడగకపోయినా, “పులుసు” అన్నాడు. “కోడికూర పులుసు. ముక్కలు నాకేసింది.”

బల్లలు చరిచిన చేతులు ఒళ్ళోకి చేరాయి. వనిత మాత్రం ఆగలేదు. “మా ఇంట్ల మా అన్నకు గుడ్డు, పెరుగు, పండు. నాకు పప్పు, తొక్కు. నేనేం ఆకలికి ఉంటలేను. కడుపు నిండుతది. కానీ రక్తం తక్కువున్నదని నర్సమ్మ చెప్పింది నాకు, మా అన్నకు కాదు.”

నా చేతిలో చాక్‌పీసు ఉంది. ఆ పిల్ల చెబుతున్నది నా వంటింటి సంగతి. ఆ డబ్బాలు సర్దే చేతులు నావి. తరగతి మొత్తం నా మొహం వైపు చూస్తోంది, టీచర్ తిడుతుందా, ఏడుస్తుందా అని. ఒక్క క్షణం నాకు ‘కూర్చో’ అనాలనిపించింది. మా అత్తమ్మ గొంతులా, మామూలుగా, మెల్లగా. కానీ వనితను చూశాను. బల్ల అంచు గట్టిగా పట్టుకొని నిలబడింది. గొంతు మాత్రం వణకడం లేదు. నా పద్నాలుగేళ్ళ వయసులో నాకు ఇంత తెలుసు, ఇంతకన్నా ఎక్కువే తెలుసు. మా తమ్ముడి పళ్ళెంలోకీ నా పళ్ళెంలోకీ చూసి తల దించుకొని తిన్నాను. దానికి తల ఎత్తడం ఎవరు నేర్పారు? నేనైతే కాదు. బహుశా ఈ గదే నేర్పిందేమో, పళ్ళెం పట్టుకొని తన అన్నతో సమానంగా తిన్న సక్కుబాయి నేర్పిందేమో. నా లోపల ఏదో పొంగింది. అది సిగ్గు అనుకున్నాను మొదట. కాదు. గర్వం.

“మంచిగ చెప్పినవ్ వనితా” అన్నాను. “కూర్చో. ఇంకెవరన్నా చెప్తరా?”

ఆడపిల్లల వైపు నుంచి ఒక్కొక్క చేయీ లేచింది.

సైన్స్ ఫేర్‌కు వనిత, సక్కుబాయి పోవాలని పిల్లలే తేల్చారు. బొమ్మలు గీయడం వద్దు, నిజమైన అన్నమే పెడతామన్నారు. ఒక అన్న డబ్బా, ఒక చెల్లె డబ్బా, మధ్యలో బడి పళ్ళెం. చూసినవాళ్ళకు తామే చెబుతామన్నారు. హెడ్మాస్టర్ అంజిలయ్య సార్ విని నన్ను పక్కకు పిలిచాడు. “మంచిగనే ఉన్నది మేడం. కానీ ఫేర్‌కు పెద్దమనుషులు గూడ వస్తరు. మీ మామగారు గూడ స్టేజీ మీద ఉంటరాయె. ఎందుకు చెప్పండి లొల్లి? వాననీళ్ళ మోడల్ పెడదాం” అన్నాడు. పిల్లలను అడిగి చెబుతానన్నాను. నేను ఇల్లు చేరేలోపే ఆయన ప్రవీణ్‌కు ఫోను చేశాడు.

“ఇంటి ముచ్చట్లు తీస్కపోయి బజార్ల వెడ్తవా ఉమా? బాపు అక్కడ దండేసుకొని కూసుంటడు. జర ఆలోచించాలె గదా. మానిపియ్యి” అన్నాడు ప్రవీణ్, చెప్పులు విప్పుతూనే.

మానిపియ్యి. ఎంత చిన్న మాట! ఎమ్మెస్సీ కడతానన్నప్పుడు మానెయ్ అన్నాడు, పిల్లలు చిన్నవాళ్ళని. జిల్లా శిక్షణకు రెండు వారాలు పోవాలంటే మానెయ్ అన్నాడు, అమ్మకు మోకాళ్ళ నొప్పులని. ప్రతిసారీ మంచి కారణమే ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు. గట్టిగా అరిచిన మనిషి కాదు. నేను మానేసిన ప్రతిదానికీ సాయంత్రం చాయ్ తాగుతూ “మంచి పని చేసినవ్” అని మెచ్చుకునేవాడు. నేను మానడంలోనే నా మంచితనం ఉందని నేనూ నమ్మాను. ఇప్పుడు మానిపించమంటున్నాడు. అంటే ఇన్నేళ్ళు నేర్చుకున్న ఆ పనిని నా బిడ్డకు నేర్పమంటున్నాడు.

పెరట్లో వనిత బట్టలు తీస్తోంది. పక్కకు పోయి నిలబడ్డాను.

“మీ నాయిన వద్దంటున్నడు. నీకు భయమైతున్నదా?”

“నీకైతున్నదా అమ్మా?”

“అయితున్నది.”

అది బట్టల మీది చేయి ఆపింది. “మరి మానేద్దామా?”

“వద్దు” అన్నాను. అంత తొందరగా ఆ మాట వస్తుందని నాకే తెలియదు.

పిల్లలు అన్నమే పెడతారని మర్నాడు అంజిలయ్య సార్‌కు చెప్పేశాను, ఇక మీ ఇష్టం మేడం అన్నాడు. అన్న డబ్బా కావాలని శీనును అడిగింది వనితే. వాడు మొదట “నేనేం తినాలె మరి?” అని లొల్లి చేశాడు. తర్వాత రెండు డబ్బాలూ బండ మీద పెట్టుకొని, మూతలు తీసి, అటూ ఇటూ చూశాడు. “రోజూ గిట్లనే ఉంటదా నీది?” అన్నాడు. “నువ్వు ఎన్నడన్నా చూసినవా?” అన్నది వనిత. వాడు తన డబ్బా దాని వైపు జరిపాడు.

ఫేర్ రోజు చేవెళ్ళ బడి ఆవరణంతా షామియానాలు. అగ్నిపర్వతాలు పొగలు కక్కుతున్నాయి, గాలిమరలు తిరుగుతున్నాయి. మా బల్ల మీద మాత్రం అన్నం. ఈగలు వాలకుండా సక్కుబాయి అట్టముక్కతో విసురుతూ నిలబడింది. మొదట్లో ఎవరూ ఆగలేదు. తర్వాత వేరే ఊళ్ళ టీచర్లు ఇద్దరు ఆగి, వనిత చెప్పింది విని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకామె నా చేయి పట్టుకొని, “మా ఇంట్ల గూడ నేనే సర్దుత మేడం. గిట్లనే సర్దుత” అన్నది, పక్కవాళ్ళకు వినపడకుండా. కాసేపటికి ఆడపిల్లలు గుంపుగా చేరారు. తమ ఇళ్ళ ముచ్చట్లు తామే చెప్పుకుంటున్నారు.

మా మామయ్య అతిథులతో కలిసి వచ్చాడు. తెల్ల పంచె, మెడలో దండ. ఒక్కొక్క బల్ల దగ్గర నవ్వుతూ, పిల్లల తల నిమురుతూ వస్తున్నాడు. మనుమరాలిని చూడగానే ఆయన మొహం విప్పారింది. “మా పిల్లనే” అని పక్కవాళ్ళకు చెప్పాడు. వనితంటే ఆయనకు ప్రాణం. అది అబద్ధం కాదు.

వనిత నమస్తే పెట్టి మొదలుపెట్టింది. బడి పళ్ళెంలో ఏముంది, డబ్బాల్లో ఏముంది, ఎదిగే వయసులో ఆడపిల్ల ఒంటికి ఐరన్ ఎందుకు ఎక్కువ కావాలి. ఎక్కడా తడబడలేదు. నేను ఒక అడుగు వెనక నిలబడ్డాను. దానికి నా అవసరం రాలేదు.

మామయ్య మూడు గిన్నెల డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు. “ఇది మనింటి డబ్బనే గద?” అన్నాడు మెల్లగా.

“అవు తాతా. వేరేవాళ్ళ ఇంటిది తెస్తే వాళ్ళ ఇజ్జత్ పోతది. అందుకే మనదే తెచ్చిన.”

పక్కనున్న ఒక పెద్దమనిషి పెద్దగా నవ్వాడు. “మాణిక్యమన్నా, గట్టి పిల్లనే పెంచినవ్!” అన్నాడు. మామయ్య దండ తీసి చేతికి చుట్టుకొని ముందుకు వెళ్ళిపోయాడు.

బహుమతి మాకు రాలేదు. వేరే బడి పెట్టిన వాననీళ్ళ మోడల్‌కు వచ్చింది. సక్కుబాయి కాసేపు మూతి ముడిచి, తర్వాత ఆకలవుతోందని బల్ల మీది అన్నం వనితతో పంచుకొని తిన్నది. గుడ్డును సగం చేసి, పచ్చసొన పెద్దగా వచ్చిన ముక్క ఎవరికని ఇద్దరూ వాదించుకుంటుంటే చూస్తూ, ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నేను చెప్పిన పాఠాల్లో ఇదొక్కటే సరిగ్గా అర్థమైందనిపించింది, వాళ్ళకూ నాకూ.

మేము ఇల్లు చేరేసరికి పొద్దు గుంకింది. మామయ్య వసారాలో కూర్చొని ఉన్నాడు. పక్కన ప్రవీణ్. గడపలో అత్తమ్మ.

“నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్ కోడలా” అన్నాడు మామయ్య.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. “నేను పిల్లను ఆకలికి మాడ్చిన్నా? కడుపునిండ పెట్టలేదా? నా చేతులతోటి సాదిన్నే దాన్ని!”

“మీరు పెట్టలేదని ఎవరన్నరు అత్తమ్మా” అన్నాను. ఆమె పక్కన గడప మీదే కూర్చున్నాను. “నేను గూడ గట్లనే సర్దిన. నాకు మా అమ్మ గట్లనే పెట్టింది. మీకు ఎవరు పెట్టిన్రు గుడ్డు? మీరు ఎన్నడన్నా అందరి కంటే ముందు తిన్నరా?”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆగింది. ఎంతసేపు వెతికినా ఆమెకు అలాంటి పూట ఒక్కటీ దొరకలేదని ఆమె మొహంలో కనిపించింది. ఆమె మళ్ళీ ఏడవలేదు. మామయ్య వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త. ఆయనకు కూడా కొత్తేనేమో, తల తిప్పుకున్నాడు.

“ఇప్పుడేమంటవ్ మరి?” అన్నాడు ప్రవీణ్.

“రేపటి సంది వనితకు, నాకు డబ్బాలు లేవు. ఇద్దరం బడిలనే తింటం, పిల్లలతోటి కూసోని. శీను డబ్బా శీనే సర్దుకుంటడు, చేతులున్నయి గదా వానికి.”

“సర్పంచ్ ఇంటి కోడలు బడి బువ్వ తింటదా?” మామయ్య గొంతు లేచింది. “ఇంటి బువ్వకు ఏమైంది?”

“ఏం కాలేదు మామయ్యా. బడిల అందరినీ ఒక్క వరుసల కూసోబెట్టి, అందరికీ ఒక్క తీరుగ పెడతరు. ఇంట్ల గూడ అట్ల పెట్టిన నాడు ఇంట్లనే తింటం.”

నేను లోపలికి వెళ్ళి ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ పళ్ళేలు తెచ్చి వసారాలో వరుసగా వేశాను. అత్తమ్మను చేయి పట్టుకొని లేపి ఒకదాని ముందు కూర్చోబెట్టాను. వనితను పిలిచి, దాని పక్కన నేను కూర్చున్నాను. అత్తమ్మ వండిన అన్నం గిన్నె లోపల పొయ్యి గట్టు మీదే ఉంది. మామయ్య, ప్రవీణ్, శీను నా వైపు చూశారు.

నేను లేవలేదు.